టాండమ్ మీద శ్రీశైలం వెళ్లాలంటే ఖర్చు వెనక సీటు నుంచి మొదలుపెట్టండి

సెకండ్ హ్యాండ్‌లో టాండమ్ సైకిల్ (ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తొక్కేది) కొన్నాం, భార్యాభర్తలిద్దరం గుంటూరు నుంచి శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాం, ఏమేం బిగించుకోవాలి అని అడిగారు. మాది విజయవాడ. హ్యాండిల్ మా ఆయనది, వెనక సీటు నాది. అందుకే నేను వెనక నుంచే చెప్పుకొస్తాను.

వెనక కూర్చున్న మనిషికి ముందాయన వీపు తప్ప రోడ్డు కనిపించదు. గుంత వస్తే ఆయన చూసుకుని సీటు మీంచి కాస్త లేస్తాడు. మనకు ఆ దెబ్బంతా నడుముకే. పైగా వెనక చక్రం దాదాపు మన సీటు కిందే ఉంటుంది. కాబట్టి మొదటి ఖర్చు వెనక సీటుకు సస్పెన్షన్ ఉన్న సీట్ పోస్ట్, అంటే కుదుపును మింగే సీటు కింది గొట్టం. లైట్లూ, మీటరూ తర్వాత చూసుకోవచ్చు. సీటు ఎవరిది వాళ్లే కూర్చుని చూసి కొనుక్కోండి. షాపులో వేలితో నొక్కి మెత్తగా ఉందని కొంటే నరసరావుపేట చేరేలోపే దాని సంగతి తెలుస్తుంది. ముందాయన "గుంత!" అని అరవడం అలవాటు చేసుకోవాలి, దానికి పైసా ఖర్చు లేదు.

తర్వాత చక్రాలు. ఇద్దరి బరువు, సామాను, సైకిల్ కలిపితే 160 కిలోలు తేలిగ్గా దాటుతుంది. 36కి తక్కువ స్పోకులున్న చక్రం వద్దు, వెనక 40 ఉంటే ఇంకా మంచిది. 26 అంగుళాల చక్రమైతే టైరూ ట్యూబూ చిన్న ఊళ్లో కూడా దొరికే అవకాశం ఎక్కువ. రోడ్డు వార తుమ్మముళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, లావు టైరు వేయించండి.

దోర్నాల ఘాట్ దిగేటప్పుడు ఇంత బరువుకు రిమ్ బ్రేకులు (చక్రం అంచును నొక్కి ఆపేవి) ఆగకుండా పట్టి ఉంచితే రిమ్ బాగా వేడెక్కి ట్యూబ్ పేలే ప్రమాదం ఉంది. డిస్క్ బ్రేకులు, అదీ 203 మిల్లీమీటర్ల డిస్కులు ఉంటే ఆ టెన్షన్ తగ్గుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం బాగా తేలికైన గేరు కావాలి. ఇద్దరూ సీట్ల మీంచి లేచి తొక్కడం టాండమ్ మీద అంత సులువు కాదు.

రెండు జతల పెడళ్లను కలిపే ఎడమవైపు చైన్ ఉంటుంది కదా, టైమింగ్ చైన్. పెడళ్లు మెల్లగా ఒక చుట్టు తిప్పుతూ అది ఎక్కడ బాగా బిగుస్తుందో పట్టుకోండి. ఆ చోట వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు కదలాలి. అసలు కదలకపోతే బేరింగులు అరుగుతాయి, మరీ వదులైతే చైన్ ఊడుతుంది.

సామాను దగ్గరే గొడవలు మొదలవుతాయి. రెండు సైకిళ్లయితే ఎనిమిది సంచులు కట్టొచ్చు, టాండమ్‌కి నాలుగే. టెంటు వద్దు. దోర్నాల నుంచి అడవి దారి రాత్రిపూట మూసేస్తారు, సాయంత్రానికి దోర్నాల చేరి అక్కడే బస చేయండి. శ్రీశైలంలో సత్రాలున్నాయి. ఒక స్పేర్ టైరు, ట్యూబులు, స్పోకులు, చైన్ లింకులు తప్పనిసరి. వెనక బ్రేకుకూ గేరుకూ టాండమ్ కొలత కేబుళ్లు ఇక్కడే కొని చుట్టి పెట్టుకోండి. మామూలు కేబుల్ వెనకదాకా అందదు.

బయల్దేరే ముందు సంచులన్నీ నింపి ఒకసారి అమరావతి దాకా వెళ్లిరండి. రాగానే చక్రాలకు బెండు తీయించి, వదులైన స్పోకులు బిగించమనండి.