నాన్నగారికి మోకాళ్ల నొప్పులంటే ఎసెన్‌కే వెళ్లండి

బ్రదర్, నాన్నగారు రైల్వేలో చేసి రిటైర్ అయ్యారు, మోకాళ్ల నొప్పులు, చేతిలో ఉన్నది ఒక్క పూట, జర్మనీలో డ్యూస్‌బర్గ్‌లో పార్కుగా మార్చిన పాత ఇనుము ఫ్యాక్టరీ చూడాలా, ఎసెన్‌లో పాత బొగ్గు గని చూడాలా అనే కదా మీ డౌట్, కళ్లు మూసుకుని ఎసెన్ గనికే, అంటే ట్సోల్‌ఫెరైన్‌కి వెళ్లిపోండి. డ్యూస్‌బర్గ్‌ది కూడా సూపరే, కానీ అక్కడ అసలు మజా అంతా బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించిన పెద్ద కొలిమి) మీదకి మెట్లెక్కడంలోనే ఉంది, పెద్దాయన వల్ల కాదు.

ఎసెన్ మెయిన్ స్టేషన్‌లో 107 ట్రామ్ ఎక్కితే గని దగ్గరే దిగొచ్చు. 1847లో కొలోన్-మిండెన్ రైల్వే లైన్ అటుగా పడింది, అదే ఏడాది ఫ్రాంజ్ హానియెల్ అనే పారిశ్రామికవేత్త దానికి దగ్గర్లో గని తవ్వకం మొదలుపెట్టాడు, బొగ్గు రైలెక్కకపోతే లాభం ఎక్కడిది మరి! 1932 నాటి 12వ షాఫ్ట్‌ని (బొగ్గు పైకి తీసే నిలువు బావి) రోజుకి 12,000 టన్నులు తీసేలా కట్టారు, 1986లో గని మూసేశారు, 2001 నుంచి ఇదంతా యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులో ఉంది. బొగ్గు కడిగిన బిల్డింగ్‌లోనే ఇప్పుడు ఈ రూర్ ప్రాంతం గురించిన రూర్ మ్యూజియం, దానికి బయట పొడవాటి ఆరెంజ్ ఎస్కలేటర్, 24 మీటర్ల ఎత్తుకి నిలబడే వెళ్లిపోవచ్చు. కింద వ్యాగన్లు తిరిగిన పట్టాలు కొన్ని అలాగే ఉంచి నడిచే దారి వేశారు, చదునుగానే ఉంటుంది, నాన్నగారిని అక్కడ తొందర పెట్టకండి. బొగ్గుని కోక్‌గా మార్చిన కోకింగ్ ప్లాంట్ కాస్త దూరం, ఆయనకి ఓపికుంటేనే.