అమెరికాలో రిపబ్లికన్లూ డెమొక్రాట్లూ ఇద్దరూ నచ్చకపోతే మూడో పార్టీకి ఓటెయ్యొచ్చు కదా, అక్కడి తెలుగువాళ్ళు ఎందుకు వెయ్యరు?

వెయ్యొచ్చండీ, ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపరు. వేస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి వెయ్యరు, అంతే. 1992లో రాస్ పెరో అని మా టెక్సాస్ కోటీశ్వరుడే ఇండిపెండెంట్‌గా నిలబడ్డాడు, దేశం మొత్తం మీద నూటికి దాదాపు 19 ఓట్లు పడ్డాయి, ప్రెసిడెంట్ ఎవరో తేల్చే ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాల వారీగా లెక్కేసేవి, మాత్రం ఒక్కటంటే ఒక్కటి రాలేదు. 2000లో ఫ్లోరిడాలో గ్రీన్ పార్టీ రాల్ఫ్ నేడర్‌కి 97 వేల పైచిలుకు ఓట్లు పడితే, బుష్ అక్కడ గట్టెక్కింది 537 ఓట్ల తేడాతో. ఇప్పటికీ ఇక్కడ ఎవరైనా మూడో పార్టీ మాటెత్తితే అవతలివాళ్ళు వెంటనే, ఓట్లు చీల్చి అవతలివాణ్ణి గెలిపిస్తావా అని ఫ్లోరిడా సంగతే తీస్తారు. 1982 మార్చిలో పార్టీ పెట్టి 83 జనవరికల్లా ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిపోవడం చూసిన జనం కదా మనం, ఇక్కడా ఎవరో ఒకరు అలా వస్తారులే అనిపిస్తుంది. కానీ టెక్సాస్‌లో ప్రెసిడెంట్ బ్యాలట్ మీద ఇండిపెండెంట్‌గా పేరు ఎక్కాలంటేనే 2024లో లక్షా 13 వేల సంతకాలు కావాల్సొచ్చింది, అవి కూడా మార్చిలో ప్రైమరీ (నవంబర్ ఎలక్షన్‌కి ప్రతి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్) అయిపోయాక రెండు నెలల చిల్లరలో పోగుచెయ్యాలి, పైగా సంతకం పెట్టేవాళ్ళు ఆ ఏడు ఏ పార్టీ ప్రైమరీలోనూ ఓటేసి ఉండకూడదు. ఈ రూల్స్ పెట్టింది ఆ రెండు పార్టీల వాళ్ళే. ఇంక మూడోవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు చెప్పండి.

కానీ నా అసలు బాధ మూడో పార్టీ లేదని కాదు. ఉన్న రెండిట్లో నాది అనుకోవాల్సిన పార్టీ ఒకటుంది, రిపబ్లికన్ పార్టీ, దాంట్లో నేను ఓటెయ్యగలిగే మనిషి దొరకడం లేదు, అదీ బాధ. నేనుండేది డాలస్ పైన కాలిన్ కౌంటీలో. సిటిజెన్‌షిప్ వచ్చాక ఓటు మానింది లేదు. నా బుద్ధులు చూస్తే సగానికి పైగా కన్సర్వేటివ్‌నే: పిల్లలు పెద్దల మాట వినాలి, గుడికెళ్ళాలి, సంపాదించిందాంట్లో దాచుకోవాలి, గవర్నమెంటైనా సరే అప్పు చేసి పప్పుకూడు తినకూడదు. మా ఆయనా అంతే. మాలాంటి వాళ్ళం ఈ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, అలెన్‌లలో వేలమందిమి ఉన్నాం. మమ్మల్ని పోగొట్టుకోవాలంటే పనిగట్టుకుని కష్టపడాలి, వీళ్ళు సరిగ్గా అదే చేస్తున్నారు. అప్పు తగ్గిస్తామని ఎలక్షన్ ఎలక్షన్‌కీ చెప్పే పార్టీయే 2025 జూలై 4న సంతకమైన పెద్ద బిల్లు తెచ్చింది, దాని వల్ల పదేళ్ళలో లోటు ఇంకో 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని ఇక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, దాని సొంత లెక్కల ఆఫీసే చెప్పింది. పోనీ ఆ డబ్బు మాట వదిలెయ్యండి.

2023 మే 6, శనివారం, అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు తుపాకీతో దిగి 8 మందిని చంపేశాడు. ఇక్కడి తెలుగువాళ్ళకి ఆ మాల్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు, ఇండియా వెళ్ళే ముందు సూట్‌కేసులు నింపుకునేది అక్కడే, అమ్మానాన్నలు వస్తే మొదటి శనివారం తిప్పేదీ అక్కడికే. చనిపోయినవాళ్ళలో హైదరాబాద్ అమ్మాయి ఒకరు, ఉద్యోగం చేసుకుంటున్న ఇంజినీరు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో అందరూ ఒకటే అడుగుడు, మీరు సేఫేనా, మీ పిల్లలు ఇంట్లోనే ఉన్నారా అని.

రెండు రోజులకి, మే 8న, మా రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ ఒకదాని ముందు ఒక బిల్లు ఓటింగ్‌కి వచ్చింది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనాలంటే వయసు 18 కాదు, 21 ఉండాలి, బిల్లులో ప్రధానంగా ఉన్నది అంతే. అంతకు ముందు ఏడు మా టెక్సాస్‌లోనే ఉవాల్డే అనే ఊళ్ళో స్కూల్లో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపినవాడు 18 నిండగానే షాపుకెళ్ళి చట్టప్రకారమే రైఫిళ్ళు కొనుక్కున్నాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు నెలల తరబడి ఆస్టిన్ చుట్టూ తిరిగారు. కమిటీలో 8-5తో పాసైంది, ఇద్దరు రిపబ్లికన్లు కూడా కలిసి ఓటేశారు. ఇంకేముంది, సభలోకి వస్తుంది అనుకున్నాం. మర్నాడు రాత్రి గడువు, ఆ లోపల దాన్ని క్యాలెండర్‌లో, అంటే సభలో చర్చకొచ్చే బిల్లుల జాబితాలో, పెట్టలేదు. ఓడిపోలేదండీ, అసలు ఓటింగే జరగలేదు. ఎవరు కావాలన్నారో ఎవరు వద్దన్నారో రికార్డులో లేకుండా పోయింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే.

ఆ ఏడు దసరాకి మా వైపు బతుకమ్మ పెద్ద ఎత్తున చేశారు. మధ్యలో పాటలు ఆపి ఒక రిపబ్లికన్ స్టేట్ లెజిస్లేటర్‌ని స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పారు, పేరు ఇక్కడ రాయను. ఆయన నమస్తే అన్నాడు, మీ కమ్యూనిటీ కష్టపడే కమ్యూనిటీ అన్నాడు, ఫ్యామిలీ వ్యాల్యూస్ అన్నాడు, పావుగంట చప్పట్లు. కిందకి దిగాక పులిహోర ప్లేటు పట్టుకుని ఫొటోలు దిగుతుంటే నేను దగ్గరికెళ్ళి అడిగాను, సార్, అలెన్ మాల్ ఇక్కడికి ఎంతో దూరం లేదు, 21 ఏళ్ళ బిల్లు కమిటీలో పాసై కూడా సభకి ఎందుకు రాలేదు, వచ్చుంటే మీరు ఎటు వేసేవారు అని. మంచి ప్రశ్న అన్నాడు. ఆ కుటుంబాల కోసం మేమూ ప్రార్థిస్తున్నాం అన్నాడు. మెంటల్ హెల్త్ మీద చాలా ఖర్చు పెడుతున్నాం అన్నాడు. ఎటు వేసేవారో చెప్పండి సార్ అని మళ్ళీ అడిగితే పక్కనున్న కుర్రాడి వైపు చూశాడు, ఆ కుర్రాడు ముందుకొచ్చి చాలా మర్యాదగా, మేడమ్, మీరు రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేస్తారా అన్నాడు. లేదు, నవంబర్‌లో వేస్తాను అన్నాను. అంతే, నా పేరు రాసుకుందామని తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

వెనక్కి వస్తుంటే సంఘంలో పెద్దాయన ఒకరు పట్టుకుని, ఏంటమ్మా పండగ పూట, ఆయన మన గెస్టు కదా, ఇలాంటివి అడిగితే వచ్చే ఏడు రారు అన్నారు. రాకపోతే ఏం పోయింది అంకుల్ అన్నాను. ఈ విషయంలో మనవాళ్ళ మీద కూడా నాకు చాలా కోపం ఉంది. ఏ పార్టీ వాడొచ్చినా సరే శాలువా కప్పుతాం, ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటాం, ఒక్క ప్రశ్న అడగం. గుజరాతీలు, పంజాబీలు డబ్బులిచ్చినా పని చేయించుకుంటారని నా నమ్మకం, మనం డబ్బులూ ఇస్తాం, భోజనమూ పెడతాం, ఉత్త చేతులతో ఇంటికొస్తాం.

సరే, ఆ కుర్రాడు అడిగిన దాంట్లోనే మీ ప్రశ్నకి జవాబు ఉంది. టెక్సాస్‌లో 1994 తర్వాత రాష్ట్రం మొత్తం ఓటేసే పదవి ఒక్కటి కూడా డెమొక్రాట్ గెలవలేదు. అంటే నవంబర్‌లో జరిగేది ఎలక్షన్ కాదు, మార్చిలో అయిపోయిన పెళ్ళికి రిసెప్షన్. మరి మార్చిలో ఎంతమంది వెళ్తారు? 2024లో రాష్ట్రంలో దాదాపు కోటీ 80 లక్షల మంది రిజిస్టర్డ్ ఓటర్లుంటే రిపబ్లికన్ ప్రైమరీకి వెళ్ళింది 23 లక్షల మంది. ఆ 23 లక్షల్లో ఎక్కువ గట్టిగా అరిచేవాళ్ళకే ఈ నాయకులు భయపడేది. మాకు కాదు. మేం చప్పట్లు కొడితే ఎంత, కొట్టకపోతే ఎంత.

అందుకే 2024 మార్చిలో నేను రిపబ్లికన్ ప్రైమరీకే వెళ్ళాను. ఇక్కడ పార్టీ మెంబర్‌షిప్ అక్కర్లేదు, పోలింగ్ దగ్గర ఏ పార్టీ బ్యాలట్ కావాలో అడుగుతారు, ఒకటి తీసుకుంటే రెండోది పోయినట్టే, ఎవరికీ సగం ఓట్లు దాటక మొదటి ఇద్దరి మధ్య రెండో రౌండ్ (రనాఫ్) వచ్చినా అదే పార్టీలో వెయ్యాలి. బ్యాలట్ చూస్తే, అభ్యర్థుల పేర్ల తర్వాత పార్టీవాళ్ళ అభిప్రాయ సేకరణ అని 13 ప్రశ్నలు. ప్రాపర్టీ ట్యాక్స్ తీసెయ్యాలా, బోర్డర్ మీద ఏం చెయ్యాలి, ఉద్యోగులందరికీ ఈ-వెరిఫై (ఇక్కడ పనిచేసే హక్కు ఉందో లేదో ఆన్‌లైన్‌లో సరిచూడటం) పెట్టాలా, డెమొక్రాట్లకి కమిటీ చైర్మన్ పదవులు ఇవ్వకూడదా. ప్రాపర్టీ ట్యాక్స్ దగ్గర నేనూ అవును అన్నాను, ఏటా కడుతూ ఏడుస్తున్నాం కాబట్టి. రైఫిల్ వయసు మాట ఎక్కడా లేదు. టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ లేనివాళ్ళ శాతం దేశంలోనే ఎక్కువ, దాని మాటా లేదు. ఇంక అభ్యర్థులు చూస్తే నేను గట్టి కన్సర్వేటివ్ అంటే నేను నీకన్నా గట్టి అని పోటీ. వాళ్ళలోనే కాస్త నెమ్మదస్తుణ్ణి చూసి వేసొచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ 8-5 ఓటులో కలిసిన ఇద్దరు రిపబ్లికన్లలో ఒకరు మళ్ళీ పోటీ చెయ్యలేదు. రెండో ఆయన జస్టిన్ హాలండ్, మాకు దగ్గరే, రాక్‌వాల్ ఆయన. ఆయన్ని ప్రైమరీలో ఆ ఓటు పట్టుకునే ఏకారు, స్కూల్ వోచర్ల (ప్రైవేటు స్కూలు ఫీజులకి ప్రభుత్వ డబ్బు) మీద గవర్నర్‌ని కాదన్నాడన్న కోపం కూడా తోడైంది, 2024 మే రనాఫ్‌లో ట్రంప్ దగ్గర ప్రచార ప్రతినిధిగా పనిచేసిన కత్రీనా పియర్సన్ చేతిలో ఓడిపోయాడు. చిన్న మంచి పని చేసిన కన్సర్వేటివ్‌కి దొరికింది ఇదీ. అది చూశాక మిగతావాళ్ళు నోరు మెదుపుతారా?

ఇది టెక్సాస్ ఒక్కదాని గోల కాదు. 2021 జనవరిలో ట్రంప్ ఇంపీచ్‌మెంట్‌కి (అభిశంసనకి) ఓటేసిన పదిమంది హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) రిపబ్లికన్లలో తర్వాతి ఎలక్షన్‌లో మళ్ళీ గెలిచింది ఇద్దరే, వాలడావో, న్యూహౌస్. ఒకరిది కాలిఫోర్నియా, ఇంకొకరిది వాషింగ్టన్ రాష్ట్రం. రెండు చోట్లా ప్రైమరీలో పార్టీల వారీగా బ్యాలట్లు ఉండవు, అందరూ ఒకే బ్యాలట్ మీద, మొదటి ఇద్దరు నవంబర్‌కి వెళ్తారు. అలాస్కాలో లీసా మర్కోవ్స్కీ సెనేట్‌లో ట్రంప్ దోషి అని ఓటేసి కూడా 2022లో గెలిచిందంటే, అక్కడ 2020లోనే జనం పాత ప్రైమరీ తీసేసి, అందరికీ ఒకే ప్రైమరీ పెట్టి, నవంబర్‌లో మొదటి ఇష్టం రెండో ఇష్టం అని ర్యాంకులు వేసే పద్ధతి తెచ్చుకున్నారు కాబట్టే. ఆ పదిమందిలోనే ఉన్న లిజ్ చేనీ వ్యోమింగ్‌లో పాత పద్ధతి ప్రైమరీలో పడి కొట్టుకుపోయింది. నన్నడిగితే మూడో పార్టీ కన్నా ముందు ఇది మారాలి. ఇది మారితే మూడో పార్టీకీ చోటు దొరుకుతుంది, ర్యాంకులు వేసే చోట నేడర్‌కి వేసినవాణ్ణి ఎవరూ తిట్టక్కర్లేదు.

డెమొక్రాట్లు మాత్రం మాకు చేసిందేముంది? 2024లో ప్రైమరీలన్నీ అయిపోయాక జూలై 21న బైడెన్ తప్పుకున్నాడు, హారిస్‌ని ఎవరూ ప్రైమరీలో ఎన్నుకోలేదు, నిలబెట్టేశారు, ఇదిగో ఈమే అన్నారు. గ్రీన్‌కార్డ్ సంగతి చూడండి. 1990 నాటి చట్టం, ఉద్యోగాల మీద ఏడాదికి 1,40,000, ఏ దేశానికైనా 7 శాతం దాటకూడదు, చిన్న దేశమైనా ఇండియా అయినా ఒకటే. దాన్ని మార్చే బిల్లు 2019లో హౌస్‌లో 365-65తో పాసైంది. సెనేట్‌లో దాన్ని మోసింది మైక్ లీ, యూటా కన్సర్వేటివ్, ఆయనకి దండం పెట్టాలి. అడ్డం పడ్డవాళ్ళలో డిక్ డర్బిన్, డెమొక్రాట్. చివరికి 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా వేరే రూపంలో పాస్ చేసింది, రెండు సభల బిల్లులూ కలపకుండానే టర్మ్ అయిపోయింది, బిల్లు పోయింది. మా ఫ్రెండ్స్‌లో సగం మంది పిల్లలు ఆ క్యూలోనే పెద్దవాళ్ళయిపోతున్నారు, 21 నిండితే డిపెండెంట్ వీసా పోతుంది.

వైస్ ప్రెసిడెంట్ జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ మన పిల్ల అని పశ్చిమ గోదావరి వడ్లూరులో సంబరాలు చేసుకున్నారు, ఆ ఊరివాళ్ళ ఆనందం నాకు అర్థమవుతుంది, తప్పు పట్టను. కానీ ప్రమాణ స్వీకారం చేసిన రోజే, 2025 జనవరి 20న, ట్రంప్ గారు హెచ్-1బీ మీద ఉన్న జంటకి ఇక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం లేదని ఆర్డర్ మీద సంతకం పెట్టారు. కింది కోర్టులు ఆపాయి, అది వేరే సంగతి. ఆ సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు. ఇండియా నుంచి ఫోన్ చేసి, మన అల్లుడు వైస్ ప్రెసిడెంట్ కదా మీకేం భయం అని మా పిన్ని అంటే ఏం చెప్పను?

2025 ఆగస్టులో టెక్సాస్‌లో కాంగ్రెస్ నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీశారు, పదేళ్ళకోసారి గీసేవి మధ్యలోనే. రిపబ్లికన్లకి 38 సీట్లలో 25 చేతిలో ఉన్నా చాలక ఇంకో ఐదు కోసం. డెమొక్రాట్ సభ్యులు కోరం లేకుండా చెయ్యడానికి రాష్ట్రం దాటి ఇలినాయ్ వెళ్ళి కూర్చున్నారు, అయినా ఆగలేదు, దానికి బదులుగా నవంబర్‌లో కాలిఫోర్నియావాళ్ళూ ఓటేసి తమ గీతలు మార్చుకున్నారు. రెండు వైపులా పోటీ ఉండే సీట్లు ఇంకా తగ్గిపోతాయి, మార్చి ప్రైమరీయే ఇంకా పెద్దదైపోతుంది.

కాబట్టి నేను చేసేది ఇదీ: మార్చిలో రిపబ్లికన్ బ్యాలట్ తీసుకుని ఉన్నవాళ్ళలో కాస్త మనిషిలా మాట్లాడేవాడికి వేస్తాను, నవంబర్‌లో ఆ రైఫిల్ బిల్లు మీద సూటిగా జవాబు చెప్పినవాళ్ళకి వేస్తాను, ఏ పార్టీ అయినా సరే. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇక్కడ మామూలుగా ఆన్‌లైన్‌లో ఓటర్ రిజిస్ట్రేషన్ అవదు, లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకునేటప్పుడు తప్ప, ఫారం నింపి సంతకం పెట్టి పోస్టులో పంపాలి, ఎలక్షన్‌కి 30 రోజుల ముందు. ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం, అంటే జనవరి నెలాఖరు కల్లా పంపెయ్యండి. సంక్రాంతికి ముగ్గులు పెట్టే వారమే ఆ పని కూడా చేసేస్తే సరిపోతుంది.