ఎన్నో నెలమ్మా?

చెల్లీ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఆసుపత్రి వరండాలో ముసలమ్మ, పక్కన కూర్చున్న నిండు మనిషిని "నీకు ఎన్ని నెలల గర్భం?" అని అడిగిన చోట ఆగిపోయాను. ఆవిడ అలా అడగదు. "ఎన్నో నెలమ్మా?" అంటుంది. ఎన్ని అంటే నిండినవి లెక్కపెట్టడం. ఎన్నో అంటే నడుస్తున్నది వరసలో ఎక్కడుందో తెలుసుకోవడం. ఐదో నెల అని జవాబొస్తే, నిండినవి నాలుగే.

నువ్వు ఇంగ్లీషులో ఆలోచించి రాశావని నా అనుమానం. ఆ భాషలో ఈ ప్రశ్నకు వాడుకలో ఒక్క మాట లేదు. లింకన్ అమెరికాకి ఎన్నో అధ్యక్షుడు అని మనం ఒక్క గుక్కలో అడుగుతాం. ప్రశ్నలో 'ఎన్నో' ఉన్న చోటే జవాబులో 'పదహారో' వచ్చి కూర్చుంటుంది. వాళ్లు ఆయనకు ముందు ఎంతమంది చేశారని చుట్టు తిరిగి అడిగితే 15 అని తేలుతుంది, దానికి ఒకటి కలుపుకోవాలి.

అన్ని భాషలకూ ఈ ఇబ్బంది లేదు. కన్నడంలో 'ఎష్టనే', తమిళంలో 'ఎత్తనైయావదు', మరాఠీలో 'కితవా' ఉన్నాయి. జర్మన్లు తేదీని 'వీఫీల్టె' అనే అడుగుతారు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని అయితే చతుర్థ, షష్ఠ పుట్టే సూత్రంలోనే 'ఎన్ని' అనే అర్థమున్న 'కతి'నీ చేర్చి, 'ఎన్నో' అనే 'కతిథ'కు దారి వేశాడు. ప్రశ్నను కూడా అంకెల వరసలోనే నిలబెట్టిన ఆ చూపు నాకెంతో ఇష్టం.

మన 'ఎన్నో'కి ఇంకో ముఖం ఉంది. మా నాన్న పోయినప్పుడు, ఆలస్యంగా వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి "ఇవాళ ఎన్నో రోజురా?" అంది. తొమ్మిదో రోజు అన్నాను. ఆ మాట నోట వచ్చేదాకా నాకు లెక్కే లేదు, ఎన్నో రోజులు గడిచినట్టుంది. రోజు అంటే ప్రశ్న, రోజులు అంటే లెక్కలేనితనం. మధ్యలో ఉన్నది ఒక్క 'లు'. అప్పటికి పదేళ్లుగా కథలు రాస్తున్నాను, అయినా ఆ తేడా ఆ గుమ్మంలోనే తెలిసింది.

సంభాషణ రాసే ముందు ఆ మనిషి గొంతుతో పైకి అనుకో. నీ ముసలమ్మ మాట దిద్ది, ఆ పేజీ మళ్లీ పంపు. ఆ అమ్మాయి ఏమని జవాబిస్తుందో చదవాలని ఉంది.

అన్నయ్య