సర్వర్ల రిపేరు కూడా ఒక కెరీరేనా?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి కంచరపాలెం గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేసి, ఎనిమిది నెలలుగా ఒక చిన్న సంస్థలో ఫీల్డ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. ఆసుపత్రులకు, ఆఫీసులకు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) మీద సర్వర్లు, అంటే వాళ్ల డేటా అంతా ఉండే పెద్ద కంప్యూటర్లు, చూసే పని. జీతం తక్కువ. అర్ధరాత్రి ఫోన్ వచ్చినా బండి తీసుకుని వెళ్లిపోతాడు. మా బావమరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 'స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతాడు బావా, ఈసెట్ రాయించి బీటెక్‌లో చేర్పించు' అంటున్నాడు. వీడేమో 'మన ఊరికి గూగుల్ డేటా సెంటర్ వస్తోంది నాన్నా, ఈ లైన్లోనే ఉంటాను' అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్కారమండి. ఈ సలహాలు చెప్పే పనిలోకి రాకముందు నేను కూడా విశాఖలోనే పదకొండేళ్లు ఫీల్డ్ ఇంజనీరుగా తిరిగాను. అందుకే మీ అబ్బాయి చేసే పని ఎలాంటిదో ముందు చెబుతాను. అది తెలిస్తే మీ బావమరిదికి ఏం చెప్పాలో మీకే తోస్తుంది.

2012లో ఒక ఆసుపత్రి నుంచి కాల్ వచ్చింది. సర్వర్‌లో నాలుగు డిస్కులు, రెయిడ్ 5లో ఉన్నాయి. అంటే ఒక డిస్కు పోయినా మిగతా మూడింటితో డేటా నిలబడుతుంది. రెండోది కూడా పోతే అంతా పోతుంది. స్క్రీన్ మీద 'డిస్క్ 2 ఫెయిల్డ్' అని ఉంది. బయట ఓపీ దగ్గర జనం క్యూ కట్టారు. అడ్మినిస్ట్రేటర్ నా వెనకే నిలబడి 'ఇంకెంతసేపు బాబూ' అంటున్నారు. నేను ఎడమ నుంచి లెక్కపెట్టి రెండో డిస్కు లాగేశాను. ఆ మెషీన్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. పాడైంది మూడోది. దాని మీద ఆంబర్ లైటు వెలుగుతూనే ఉంది, నేను చూడలేదు. క్షణాల్లో బిల్లింగ్ కౌంటర్లన్నీ ఆగిపోయాయి. ముందురోజు రాత్రి టేప్ మీద తీసిన బ్యాకప్, అంటే డేటా కాపీ, ఉండబట్టి బతికాం. ఆ ఉదయం కొట్టిన బిల్లులన్నీ కౌంటర్ అమ్మాయిలు కాగితాలు చూసుకుంటూ మళ్లీ ఎంటర్ చేశారు. రాత్రి పదకొండు దాకా వాళ్లు కూర్చున్నారు, నేనూ అక్కడే కూర్చున్నాను.

ఆ రోజు నుంచి డిస్కు ముట్టుకునే ముందు బ్యాకప్ ఎప్పటిదో అడిగేవాణ్ని. తర్వాత సాఫ్ట్‌వేర్ నుంచి ఆ డిస్కు లైటు బ్లింక్ చేయించి, లాగ్‌లో (మెషీన్ తనంతట తాను రాసుకునే రికార్డులో) ఉన్న సీరియల్ నంబరు రాసుకుని, ముందువైపు ఫొటో తీసి, అప్పుడు చెయ్యి పెట్టేవాణ్ని. వెనక ఎవరు నిలబడి ఏమన్నా సరే.

ఇప్పటి సర్వర్లలో డిస్కు, ఫ్యాన్, పవర్ సప్లై తీయడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదండి. లీవర్ నొక్కితే చేతికి వచ్చేస్తాయి. ఏది తీయాలో తేల్చడమే అసలు పని. మెమరీ ఎర్రర్ వస్తోందనుకోండి. అనుమానం ఉన్న మెమరీ స్టిక్‌ని (ర్యామ్‌ని) వేరే స్లాట్‌లోకి మార్చి చూడాలి. ఎర్రర్ స్టిక్ వెంట వెళ్తే స్టిక్ పాడైనట్టు. పాత స్లాట్‌లోనే ఉండిపోతే లోపం బోర్డులోనో ప్రాసెసర్‌లోనో ఉన్నట్టు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చామంటే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. రెండు పవర్ సప్లైలు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉంటారు, తీరా చూస్తే రెండు వైర్లూ ఒకే యూపీఎస్‌కి పెట్టి ఉంటాయి. ఇది నేను లెక్కలేనన్ని చోట్ల చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ముందే పద్ధతిగా షట్‌డౌన్ చేసిన మెషీన్లు తర్వాత మామూలుగా లేచాయి. యూపీఎస్ అయిపోయేదాకా నడిపించిన చోట్లకు నేను వారాల పాటు తిరిగాను. సముద్రం వైపు కిటికీ తెరిచి పెట్టే సర్వర్ రూముల్లో ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడటం మన ఊళ్లో ప్రత్యేకంగా కనిపెట్టుకోవాల్సిన సంగతి.

ఈ పనిలో సెక్యూరిటీ కూడా ఉందని బయటివాళ్లకు తెలియదు. ప్రతి పెద్ద సర్వర్ లోపల దాన్ని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేయడానికి ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. డెల్ వాళ్లు దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈ వాళ్లు ఐలో అంటారు. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉంటే అది మేలుకునే ఉంటుంది. దాన్ని చేతిలో పెట్టుకున్నవాడి చేతిలో సర్వర్ మొత్తం ఉన్నట్టే. 2017లో ఐలో 4లో ఒక లోపం బయటపడింది. పంపే రిక్వెస్ట్‌లో ఒకచోట 'ఏ' అక్షరం 29 సార్లు పెడితే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి దారి దొరికేది. ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. కానీ ఆ అప్‌డేట్ ప్రతి మెషీన్‌కూ ఎవరో ఒకరు వెళ్లి వేయాలి కదా, ఆ ఎవరో మీ అబ్బాయిలాంటివాడే. డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చడం, ఆ పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి ఉండకుండా వేరే నెట్‌వర్క్‌లో పెట్టడం, తీసేసిన డిస్కులోని డేటా పూర్తిగా చెరిపాకే బయటికి పంపడం, ఇవన్నీ అతని చేతి మీదే నడుస్తాయి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2019 నవంబరులో హెచ్‌పీఈ ఒక హెచ్చరిక ఇచ్చింది. తమ కొన్ని ఎస్ఎస్‌డీలు (చిప్‌లతో చేసిన డిస్కులు) సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు, ఆగిపోతాయని, అందులోని డేటా కూడా తిరిగి రాదని. ఒకే రోజు బిగించిన డిస్కులన్నీ దాదాపు ఒకేసారి పోతే రెయిడ్ ఏం కాపాడుతుంది చెప్పండి? ఆ నోటీసు చదివి ముందే ఫర్మ్‌వేర్ మార్చిన చోట ఏమీ జరగలేదు. ఏమీ జరగని రోజు ఎవరూ ఎవరినీ మెచ్చుకోరు. ఈ ఉద్యోగంలో మీ అబ్బాయికి ఎక్కువగా దొరికేది అలాంటి రోజులే. అది ముందే తెలిసి ఉండాలి.

ఇక గూగుల్ సంగతి. 2025 అక్టోబరు 14న ప్రకటించారు. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి క్యాంపస్, అదానీ, ఎయిర్‌టెల్ భాగస్వాములు. మన ఊరికి చాలా మంచి కబురు. కానీ డేటా సెంటర్ కట్టేటప్పుడు కావలసినంత మంది, అది నడిచేటప్పుడు లోపల అక్కర్లేదు. ఒక్క కంపెనీ పేరు మీద మీవాడు కెరీర్ కట్టుకుంటే నేను ఒప్పుకోను. పోర్టు, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, బ్యాంకులు, ఆసుపత్రులు అన్నింటికీ సర్వర్లు ఉన్నాయి, అక్కడా ఈ పని ఉంటుంది.

పైగా ఇప్పుడు వస్తున్న ఏఐ సర్వర్ల తీరే వేరు. ఎన్‌విడియా డీజీఎక్స్ హెచ్100 అనే ఒక్క పెట్టె 130 కిలోలు, గరిష్ఠంగా 10.2 కిలోవాట్ల కరెంటు లాగుతుంది. మన ఇళ్లలో ఒకటిన్నర టన్ను ఏసీలు ఆరేడు ఒకేసారి వేసినట్టు. అంతకన్నా పెద్ద రాక్‌లను (సర్వర్లు పేర్చే బీరువాల్లాంటివాటిని) నీళ్ల పైపులతో చల్లబరుస్తున్నారు. కాబట్టి హార్డ్‌వేర్ ఒక్కటే తెలిస్తే చాలదు. లినక్స్ (సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్) కమాండ్ లైన్ మీద భయం పోవాలి, నెట్‌వర్కింగ్ సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ సర్టిఫికెట్) స్థాయికి రావాలి, వంద సర్వర్ల లాగ్‌లు ఒకేసారి చూసేంత చిన్న స్క్రిప్టులు రాయగలగాలి. సర్టిఫికెట్ కావాలంటే కాంప్‌టియా సర్వర్ ప్లస్, తర్వాత లినక్స్‌లో రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ. పరీక్ష ఫీజులు తక్కువేం కావు. ముందు పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుని ఇంట్లో ప్రాక్టీస్ చేశాకే డబ్బు కట్టమనండి.

మీ బావమరిది మాటలో నిజం లేకపోలేదు. పైకి వెళ్లేకొద్దీ డిగ్రీ అడుగుతారు, ముఖ్యంగా పెద్ద కంపెనీలు. అయితే ఈసెట్ ఏటా జరుగుతుంది, ఈ ఏడాదే రాయాలని లేదు. నా సలహా ఏమిటంటే, ఇప్పుడు ఉద్యోగం మాన్పించకండి. ఇంకో ఏడాది చేయనివ్వండి. ఆ అనుభవంతో బీటెక్ రెండో సంవత్సరంలో చేరే పిల్లాడికి క్లాసులో చెప్పేది చేతికి తెలిసిన సంగతిలా ఉంటుంది. అలా వెళ్లినవాళ్లను నేను చూశాను, బాగా చదివారు.

ఒక్క అనుమానం మాత్రం మీరే తీర్చుకోవాలి. చిన్న ఏఎంసీ సంస్థల్లో పేరుకు సర్వర్ ఇంజనీరు, పనేమో రోజంతా ప్రింటర్లకు టోనర్ మార్చడం. అలా ఏళ్లు గడిపి బయటికి వచ్చినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు, వాళ్లకు చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి ఈ ఆదివారం తీరిగ్గా కూర్చుని, పోయిన నెల మీ అబ్బాయి వెళ్లిన కాల్స్ అన్నీ ఫోన్‌లో చూపించమనండి. సర్వర్ కాల్స్ ఎన్ని, ప్రింటర్ కాల్స్ ఎన్ని? కష్టమైన కాల్‌కి సీనియర్ ఎవరైనా వెంట వస్తున్నారా? రాత్రి కాల్‌కి పెట్రోలు, అలవెన్స్ ఇస్తున్నారా? సర్వర్ కాల్స్ సగానికి తక్కువగా ఉంటే ఆరు నెలల్లో వేరే సంస్థ చూసుకోమనండి. డిస్కులతో నిండిన సర్వర్ 30 కిలోల దాకా ఉంటుంది. దాన్ని ఒక్కడే రాక్‌లోంచి దించకుండా ఇంకో మనిషిని తోడు అడగమని గట్టిగా చెప్పండి. ఒంటి మీది స్టాటిక్ కరెంటు సర్వర్‌కి తగలకుండా మణికట్టుకు కట్టుకునే యాంటీస్టాటిక్ రిస్ట్ స్ట్రాప్ కంపెనీ ఇవ్వకపోతే మీరే ఒకటి కొనివ్వండి.