మ్యాక్ టెర్మినల్‌లో ఏలియాస్‌లు మాయం

ప్రశ్న: ఉబుంటు లినక్స్‌లోని డాట్ బ్యాష్‌ఆర్‌సీ అనే బ్యాష్ సెట్టింగ్స్ ఫైల్‌ను కొత్త మ్యాక్‌లోకి కాపీ చేశాను. టెర్మినల్ తెరిస్తే ఒక్క ఏలియాస్ (కమాండ్‌కు పెట్టుకున్న పొట్టి పేరు) కూడా పనిచేయట్లేదు. ఫైల్ పాడైందా?

జవాబు: టెన్షన్ వద్దు, ఫైల్ బాగానే ఉంది, దాన్ని చదివే నాథుడే లేడు. 2019 నాటి మ్యాక్‌ఓఎస్ వెర్షన్ క్యాటలీనా నుంచి మ్యాక్‌లో కొత్త అకౌంట్లకు డిఫాల్ట్ షెల్ (మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) బ్యాష్ కాదు, జెడ్‌ఎస్‌హెచ్. అది బ్యాష్ ఫైళ్ల జోలికే పోదు. అనుమానముంటే ఎకో, స్పేస్, డాలర్ గుర్తు, సున్నా కొట్టి ఎంటర్ నొక్కండి. జెడ్‌ఎస్‌హెచ్ అని వస్తే ఏలియాస్ లైన్లను దాని సెట్టింగ్స్ ఫైల్ డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీలో పెట్టి కొత్త విండో తెరవండి. పాత ఫైల్ మొత్తం అందులోకి దించేయకండి, షాప్ట్ లాంటి బ్యాష్ కమాండ్లకు ఎర్రర్లు వస్తాయి. పేరు ముందు చిన్న గీత కనిపిస్తే అది లాగిన్ షెల్ (లాగిన్ అయినప్పటిలా మొదలయ్యే షెల్), మ్యాక్ టెర్మినల్ మామూలుగా అలాగే తెరుస్తుంది. అందుకే బ్యాష్‌కి మారినా డాట్ బ్యాష్‌ఆర్‌సీని నేరుగా చదవదు, లాగిన్ బ్యాష్ చదివే డాట్ బ్యాష్ అండర్‌స్కోర్ ప్రొఫైల్‌లో దాన్ని సోర్స్ చేసే, అంటే చదివించే లైన్ ఒకటి రాయాల్సిందే.