దేవుణ్ని నమ్మనివాళ్లు మందు మానడానికి దారి ఉందా?

భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే ఒకాయన ప్రశ్న ఇది: "నాకు దేవుడంటే నమ్మకం లేదు. మందు మానాలంటే ఇంట్లో మాల వేసుకోమంటున్నారు. వేరే దారి లేదా?"

ఉందండీ. మాల వేసుకుని 41 రోజులు మానినవాళ్లు మన ఊళ్లలో చాలామందే. కానీ నమ్మకం లేకుండా వేసుకుంటే తీసిన రోజే సీసా ఎదురుచూస్తూ ఉంటుంది.

ముందు ఒంటి సంగతి చూసుకోండి. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నపళంగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, భ్రమలు వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. మా బావ పొద్దున్నే టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా లుంగీ మీద ఒలికిపోయేది. అలాంటి వణుకుంటే ఇంట్లో ప్రయోగాలొద్దు. కాకినాడ పెద్ద ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. వైద్యం మందులతో, కౌన్సెలింగ్‌తో జరుగుతుంది, భక్తితో పనిలేదు.

మందు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే బృందం ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్), 1935లో అమెరికాలో మొదలైంది. వాళ్లు పాటించే 12 మెట్లలో దేవుడి ప్రస్తావన, మనకన్నా పెద్ద శక్తి అనే మాట ఉన్నాయి. అయినా కొందరు నాస్తికులు తోటివాళ్ల బలాన్నే ఆ శక్తిగా అనుకుని వెళ్తారు. అదీ ఇబ్బందైతే 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే ఇంకో బృందం చూడండి. ఆన్‌లైన్‌లోనూ కలుస్తారు. దేవుడి ఊసుండదు. తాగాలనిపించినప్పుడు ముందేం జరిగింది, మనసులో ఏ మాట మెదిలింది అన్నది రాసుకోమంటారు. "సాయంత్రం ఆరు, మేత వేసేశాను, పక్క చెరువాయన పిలిచాడు" అని రాసుకుంటే రేపు ఆరింటికి ఎక్కడ ఉండకూడదో మీకే తెలుస్తుంది.

తెలుగులో ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416. వ్యసనాలకైతే 14446. రెండూ ఉచితం. ఈ రాత్రే చేయండి.