టెక్ సందేహాలు: కాల్ తెర మారింది సరే, గ్రూపులో వచ్చిన ఆ ఫైలు సంగతి?

మీ ఫోనులో నచ్చేది ఒకటి, చిరాకు పుట్టించేది ఒకటి రాయమని గతసారి అడిగాను. నచ్చేవి రాసినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చిరాకుల జాబితా మాత్రం చాంతాడంత వచ్చింది. ఒకే ఫిర్యాదు చాలామంది పంపినచోట ఒకరి ప్రశ్నే తీసుకున్నాను. కెమెరా రంగుల గురించి పేజీలకు పేజీలు రాసినవారున్నారు కానీ, తమ ఫోనుకు చివరి భద్రతా అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో రాసినవారు లేరు. ఆ సంగతికి మధ్యలో వస్తాను.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై దాటాయి. ఫోను మోగితే తెర మీద వేలు పైకి జరిపి ఎత్తడం అలవాటు. ఒక ఉదయం లేచేసరికి కాల్ తెర మొత్తం వేరేలా ఉంది. ఆయన ఎత్తబోయి కట్ చేసేస్తున్నారు. ఇంట్లో ఎవరూ సెట్టింగులు ముట్టుకోలేదు. ఫోను హ్యాక్ అయిందా? (ఒంగోలు)

కాలేదు. 2025 ఆగస్టు నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంది. ఆ నెలలో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వారి కాల్ యాప్ రూపం రాత్రికి రాత్రి మారిపోయింది. ఫోను అప్‌డేట్ ఏమీ రాలేదు. ఆ యాప్ ఒక్కటే ప్లే స్టోర్ నుంచి తనంతట తాను అప్‌డేట్ అయింది. ఎవరినీ అడగలేదు కాబట్టి ఎవరికీ గుర్తు లేదు. యాప్ గుర్తును నొక్కి పట్టుకుని, యాప్ సమాచారంలోకి వెళ్లి, పైనున్న మూడు చుక్కల్లో అప్‌డేట్లు తొలగించే మీట నొక్కితే పాత తెర తిరిగి వస్తుంది. ఆ దారి నాకు అంతగా నచ్చదు. కాల్ యాప్ సెట్టింగుల్లో, వచ్చే కాల్‌ను ఎలా ఎత్తాలో ఎంచుకునే చోటు ఒకటి ఉంది. పక్కకు జరపడమా, ఒక్కసారి తాకడమా అని అడుగుతుంది. మీ నాన్నగారికి తాకడం పెట్టి, రెండు మూడుసార్లు మీరే ఆయనకు ఫోను చేసి అలవాటు చేయండి.

ఈ మార్పు చేసినవారి మీద మాత్రం నాకు కోపం తగ్గలేదు. ఫోను కొన్న ప్రతి ఒక్కరూ తప్పకుండా చేసే పని కాల్ ఎత్తడం. దాన్ని మార్చదలచుకుంటే ముందురోజు తెర మీద ఒక్క మాట చెప్పడానికి ఏం అడ్డొచ్చింది? కొత్త గుండ్రటి మీటలు అందంగానే ఉన్నాయి. చూపు తగ్గినవారికి అందంతో పనేమిటి? వారు వేలి అలవాటుతోనే కదా ఎత్తుతారు. అందానికి ఇంత శ్రద్ధ చూపే ఈ పరిశ్రమ, అవసరమైన సెట్టింగును మాత్రం అయిదారు తెరల వెనక దాచిపెడుతుంది.

ప్రశ్న: 64 జీబీ ఫోను. ఎప్పుడు చూసినా స్టోరేజీ నిండిందంటుంది. క్లీనర్ యాప్ వేసుకుంటే ఇంకా నెమ్మదించింది. (నిజామాబాద్)

ముందు ఆ క్లీనర్‌ను తీసేయండి. అలాంటి యాప్‌లు ఎక్కువగా చేసేది మీకు ప్రకటనలు చూపించడం. మీ చోటును తింటున్నది శుభోదయాలు, శుభరాత్రులు, పండగ శుభాకాంక్షల వీడియోలు. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజీ, డేటా అన్న చోటికి వెళ్లి ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపండి. అక్కడే అయిదు ఎంబీ దాటిన ఫైళ్లను, పదే పదే ఫార్వర్డ్ అయినవాటిని వేరుచేసి చూపిస్తుంది. చెరిపేయండి, పంపినవారు ఏమీ అనుకోరు.

పెట్టె మీద '8+8 జీబీ ర్యామ్' అని రాసి ఉంటే ఇంకో పని కూడా చేయండి. ఆ రెండో ఎనిమిది అసలు ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు ఫోను వాడుకునే వేగమైన మెమరీ) కాదు. స్టోరేజీలోంచే కొంత తీసి ర్యామ్‌లా వాడుకునే ఏర్పాటు. వేగంలో అసలు ర్యామ్‌కు దరిదాపుల్లోకి రాదు. సెట్టింగుల్లో దాన్ని ఆపేస్తే ఆ మేరకు చోటు మీకు తిరిగి వస్తుంది. దుకాణంలో దాన్ని పదహారు జీబీ అని చెప్పి అమ్మేవారికి సిగ్గెందుకు ఉండదో నాకు తెలియదు.

ప్రశ్న: మా ఊరి వాట్సాప్ గ్రూపులో 'పీఎం కిసాన్' పేరుతో ఒక ఫైలు వచ్చింది. పంపింది మా పక్క వీధి మనిషే. నొక్కాను. ఏవేవో అడిగితే సరే అన్నాను. తర్వాత ఆ యాప్ ఎక్కడా కనపడలేదు. మర్నాడు నా నంబరు నుంచి అదే ఫైలు అన్ని గ్రూపులకూ వెళ్లిందట. ఖాతాలో డబ్బు ఇంకా పోలేదు. యాప్ తీసేస్తే చాలా? (ఖమ్మం జిల్లా)

చాలదు. వీరికి జవాబు ముందే పంపాను. ఇక్కడ రాస్తున్నది మిగిలినవారి కోసం.

ముందుగా ఫోనులో డేటా, వైఫై ఆపి సిమ్ బయటికి తీయండి. ఇంకొకరి ఫోను నుంచి మీ బ్యాంకుకు ఫోను చేసి ఖాతాలో లావాదేవీలను, యూపీఐని, కార్డును ఆపమనండి. ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. అక్కడ ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు చెప్పడం కేవలం లాంఛనం అనుకోకండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో పెట్టిన నియమం ప్రకారం, తప్పు ఖాతాదారుదే అయినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలి. మీరు ఫోను చేసిన సమయం మీకు సాక్ష్యం.

ఆ తర్వాతే ఫోను సంగతి. ఫోటోలు, నంబర్లు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే ఫోనులో ఉన్నదంతా చెరిపేసి కొన్ననాటి స్థితికి తేవడం. యాప్‌ను వెతికి తీసేయడం మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి తమ గుర్తును దాచేసుకుంటాయి. కొన్ని తొలగించబోతే తెరను వెనక్కి తిప్పేస్తాయి. పాస్‌వర్డులు వేరే ఫోనులో మార్చండి. వాట్సాప్‌లో లింక్ అయిన పరికరాలను చూసి, మీవి కానివాటిని తీసేయండి. సిమ్ మళ్లీ వేశాక ##002# కొట్టండి. మీ కాల్స్ ఎవరైనా వేరే నంబరుకు మళ్లించి ఉంటే రద్దవుతాయి. గ్రూపులో కూడా ఒక మాట చెప్పండి. సిగ్గుపడి ఊరుకుంటే మీ తర్వాత ఇంకొకరు నొక్కుతారు.

ఇది ఎలా జరిగిందో చెబుతాను. మీ పక్క వీధి మనిషి ఆ ఫైలు పంపలేదు, ఆయన ఫోను పంపింది. ఫైలు పేరు చివర 'ఏపీకే' అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. అంటే అది ఫోటో కాదు, పత్రం కాదు, మీ ఫోనులో దిగి పనిచేసే ఒక యాప్. ముందున్న పేరు మాత్రం కాలాన్ని బట్టి మారుతుంటుంది. విడత డబ్బులు పడే రోజుల్లో పీఎం కిసాన్, పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖ, మిగతా రోజుల్లో ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ. నొక్కగానే అది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. మీరు ఇస్తే మీకు వచ్చే ప్రతి ఓటీపీ అదే క్షణంలో ఇంకెక్కడో కనిపిస్తుంది. తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. అది చూపు లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టిన సౌకర్యం. ఆ అనుమతి ఉన్న యాప్ మీ తెరను చూడగలదు, మీ బదులు మీటలు నొక్కగలదు. 'డబ్బు ఇంకా పోలేదు' అన్నారు. ఖాతాలో పెద్ద మొత్తం పడేదాకా వారు కాచుకుని ఉండవచ్చు.

పీఎం కిసాన్ డబ్బు ఏటా 6,000 రూపాయలు, మూడు విడతల్లో 2,000 చొప్పున నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందుకోసం ఎవరూ వాట్సాప్‌లో ఫైలు పంపరు. ఈ-కేవైసీ చేయించుకోవాలంటే మీసేవకు వెళ్లండి.

ఇది చదువుతున్నవారు ఇప్పుడే చేయవలసిన పని ఒకటుంది. సెట్టింగుల్లో పైనున్న వెతుకు పెట్టెలో, తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్ గురించి వెతకండి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి ఒక్కో యాప్‌కు వేరుగా ఉంటుంది. అక్కడ వాట్సాప్, బ్రౌజరు, ఫైల్స్ యాప్ పేర్ల పక్కన అనుమతి ఉంటే తీసేయండి. ఇంట్లో పెద్దవారి ఫోన్లలో మీరే స్వయంగా తీసేయండి. దీని తర్వాత ఎవరైనా అలాంటి ఫైలు నొక్కినా ఫోను అడ్డు చెబుతుంది.

అడ్డు చెప్పినా సరే అనే నొక్కుతారని నాకు తెలుసు. ఆ అలవాటు చేసింది ఫోన్లే. కొత్త ఫోను తెరిచిన మొదటి గంటలోనే నిబంధనలకు సరే, ప్రకటనలకు సరే, లాక్ తెర మీద బొమ్మలకు సరే, ఎవరూ అడగని ఆటలకు సరే అని ఎన్నిసార్లు నొక్కించుకుంటుంది? టార్చి యాప్‌కు మన కాంటాక్టులెందుకు? ప్రతి చిన్నదానికీ ఒకేలాంటి పెట్టె చూపించి, నిజంగా ప్రమాదం వచ్చిన రోజున కూడా అదే పెట్టె చూపిస్తే జనం చదవరు. దాన్ని వినియోగదారుడి నిర్లక్ష్యం అని తేల్చేయడం నాకు ఒప్పదు. అయితే 'పంపినవాడు తెలిసినవాడే కదా' అన్న ధీమాను కూడా క్షమించలేను. తెలిసినవాడే కదా, ఫోను చేసి అడగడానికి కష్టమేమిటి?

ప్రశ్న: అప్‌డేట్ చేసిన కొద్ది రోజులకే తెర మీద నిలువుగా ఆకుపచ్చ గీత వచ్చింది. కొత్త తెరకు ఫోను ధరలో సగం అడుగుతున్నారు. ఇక జన్మలో అప్‌డేట్ చేయను. (హైదరాబాద్)

మీ కోపం న్యాయమే. అమోలెడ్ అనే రకం తెరలున్న ఫోన్లలో, ఒక కంపెనీ అని కాదు, ఈ గీత చాలామందికి వచ్చింది. ఇది తెరలోని హార్డ్‌వేర్ లోపం కాబట్టి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా పోదు. వారంటీ దాటినా ఉచితంగా తెర మార్చిన కంపెనీలు ఉన్నాయి. కాబట్టి కౌంటరులో కాదన్నారని వెనక్కి రాకండి. కంపెనీకి ఈమెయిల్ రాయండి, అప్పటికీ కదలకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి.

ఇక జన్మలో అప్‌డేట్ చేయనన్న శపథం వదిలేయండి. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ వేరు, భద్రతా అప్‌డేట్ వేరు. మొదటిదానికి నెలో రెండు నెలలో ఆగి, మిగతావారి అనుభవం చూసి వేసుకున్నా నష్టం లేదు. రెండోది ఫోనులో దొంగలు దూరే కంతలను మూసేది, వచ్చిన వారంలోనే వేసుకోవాలి. మూసిన కంత ఎక్కడుందో దొంగలకు ఆ అప్‌డేటే చెప్పేస్తుంది. ఆ తర్వాత అది వేసుకోని ఫోన్ల కోసమే వెతుకుతారు. సెట్టింగుల్లో ఫోను గురించిన పేజీ తెరిచి, ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే భద్రతా అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. అది ఏడాది దాటి ఉంటే ఆ ఫోనులో బ్యాంకు యాప్ ఉంచకండి.

నాకు ఇంతకన్నా పెద్ద కడుపుమంట వేరే ఉంది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా అయిదేళ్లపాటు అప్‌డేట్లు ఇవ్వాలి. 800 సార్లు చార్జ్ చేశాక బ్యాటరీ కనీసం 80 శాతం సామర్థ్యంతో ఉండాలి. ఇక్కడేమో పండగ అమ్మకాల్లో సగం ధరకే వచ్చిందని మురిసిపోయి కొన్న ఫోను ఏడాదిన్నర కిందటి మోడల్ అయి ఉంటుంది. అప్‌డేట్ల గడువును చాలా కంపెనీలు మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కిస్తాయి, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ల హామీలో మీకు మిగిలేది ఆరు నెలలు. ఈ సంగతి ప్రకటనలో ఉండదు. కొనేముందు దుకాణదారుడిని 'భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా' అని అడగండి. ఆయన కెమెరా గురించి మాట్లాడడం మొదలుపెడితే పక్క మోడల్ చూడండి.

ప్రశ్న: 108 మెగాపిక్సెల్ అని కొన్నాను. ఫోటో చూస్తే 12 మెగాపిక్సెలే ఉంది. మోసపోయానా? (రాజమహేంద్రవరం)

లేదు. తొమ్మిది చిన్న పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కించడం వల్ల 108 కాస్తా 12 అవుతుంది. వెలుతురు తక్కువగా ఉన్నచోట దానివల్ల మేలే. పూర్తి 108 కావాలంటే కెమెరాలో ప్రత్యేక మోడ్ ఉంటుంది. మోసం అనదగ్గది ఏదైనా ఉంటే, లెక్క పెంచడానికి వెనక బిగించే 2 మెగాపిక్సెల్ మాక్రో (మరీ దగ్గరి వస్తువులను తీసే) కన్ను.

ప్రశ్న: నేను దర్జీ పని చేస్తాను. కొలతలు తెలుగులో చెబుతుంటే ఫోను రాసేస్తోంది. నాకు ఫోనులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. కానీ ఎప్పుడూ వింటూనే ఉంటుందేమోనని మా అమ్మాయి భయపెడుతోంది. (తణుకు)

నచ్చింది రాసిన కొద్దిమందిలో మీరొకరు, సంతోషం. మీ అమ్మాయి అడిగింది తప్పేమీ కాదు. ఆండ్రాయిడ్ 12, ఆ పైన ఉన్న ఫోన్లలో ఏ యాప్ అయినా మైకు వాడుతుంటే తెర పైన కుడి మూల ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. మీరు మాట్లాడనప్పుడు ఆ చుక్క కనిపిస్తే కిందికి లాగి నొక్కండి, ఏ యాప్ వింటోందో పేరు చెబుతుంది. సెట్టింగుల్లోని గోప్యతా పేజీలో, గత 24 గంటల్లో మైకును ఎవరెవరు వాడారో సమయంతో సహా ఉంటుంది. కీబోర్డు పేరు కనిపిస్తే కంగారు పడకండి, కొలతలు రాసేది అదే. ఆటల యాప్ పేరో, అప్పులిచ్చే యాప్ పేరో కనిపిస్తే వెంటనే అనుమతి తీసేయండి.

ప్రశ్న: రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే ఫోను పేలుతుందా? (కర్నూలు)

నిండగానే చార్జింగ్ తనే ఆగుతుంది. బ్యాటరీకి చేటు చేసేది వేడి, కాబట్టి దిండు కింద, దుప్పటి మీద పెట్టకండి. మీ ఫోనులో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటే వాడుకోండి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేస్తే మాత్రం చార్జింగ్ పెట్టడం ఆపి, నొక్కి సరిచేయాలని చూడకుండా, ఆ రోజే మార్పించండి.